బొంగరము ఎవరిది?

పల్నాటి బాలచంద్రుడు బొంగరములాడిన కథను మన ప్రాంతమున వినని పిల్లవాడుండడు. శ్రీనాథుని పేర వెలసిన పల్నాటి వీరచరిత్రలో ఆ ఘట్టము ప్రసిద్ధము. బొంగరము తగిలి గాయపడిన స్త్రీ పలికిన మాటయే ఆ బాలుని మనస్సును కారెంపూడి రణభూమివైపు మరల్చినది. ఇంతకాలము ఆ కథను పాఠముగా చెప్పుచుంటినేగాని, అందొక చిన్న సంగతిని గమనింపనైతిని. ఆ బొంగరము బాలునిది. ఇష్టమైనంతసేపు ఆడును, తోటివానికిచ్చును, విసుగు పుట్టినచో మూలబడవేయును. చేసియిచ్చినవాడు మరల వచ్చి దానిని అడుగజాలడు.

ఈ సంగతిని నాకు తట్టునట్లు చేసినవాడు నరసరావుపేటలోని యొక విద్యార్థి. అతడు కొన్ని నెలలు కూడబెట్టిన సొమ్ముతో కంప్యూటరు ఆటనొకదానిని అంతర్జాలపు టంగడిలో కొనెను. ఆడి ముగించిన పిదప దానిని గురజాలలోని మిత్రునికి ఈయబోగా వీలుపడలేదు. "డబ్బులు కట్టాను గదా సార్, మరి ఇది నాది కాదా?" అని నన్నడిగెను.

ఆ అంగళ్లను నిందించుట నా యుద్దేశము కాదు. వాల్వ్ అను అమెరికా సంస్థ 2003లో తెరచిన స్టీమ్ అంగడి వీనిలో పేరెన్నికగన్నది. ఆటల డిస్కుకొరకు పెద్ద పట్టణములకు పోవలసిన పని నేడు లేదు. మాచర్లలోని బాలునికిని టోక్యోలోని బాలునికిని ఆట ఒకనాడే అందుచున్నది. కొన్న 14 దినములలోపల, రెండు గంటలకు మించి ఆడకున్నచో, నచ్చలేదని సొమ్ము తిరిగి పొందవచ్చును. మన బజారులో ఏ వర్తకుడు ఇట్టి మర్యాద చూపును? మన పురాణగాథల ఛాయలతో పూణేలో రూపొందిన 'రాజీ' అను ఆట 2020లో లోకమంతట అమ్ముడుపోయినదన్నచో, అదియు నిట్టి అంగళ్ల చలువయే.

కాని విద్యార్థి ప్రశ్న మిగిలియే యున్నది. అతడు కొన్నది ఆట కాదు, ఆడుకొనుటకు అనుమతి. ఒప్పందపత్రమున ఈ మాట స్పష్టముగనే యుండును, చదువువారు అరుదు. యూబీసాఫ్ట్ అను ఫ్రెంచి సంస్థ 2014లో వెలువరించిన 'ది క్రూ' అను కార్ల పందెపు ఆట సంస్థవారి సర్వర్లు లేనిదే నడువదు. 2024 మార్చి 31న వారు వానిని నిలిపివేయగా, ఒంటరిగా ఆడుకొనువారికిని అది పనికిరాకపోయినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక శాసనము చేసినది. అమ్మునది అనుమతి మాత్రమేయని కొనువానికి తేటపరుపక 'కొనుము' అను మాటను వాడరాదని దాని సారము. 2025 జనవరి 1 నుండి అది అమలులోనున్నది. ఒక క్రియాపదముకొరకు చట్టము పుట్టుట భాషోపాధ్యాయునికి ముచ్చటగొలుపు విషయము! మన 'కొను' ధాతువునకు గ్రహించుట యను అర్థము గలదు. ఇచట చేతికేమి వచ్చినట్లు?

వేరు పద్ధతి లేకపోలేదు. జీఓజీ అను అంగడి తాళము లేని ఆటలనమ్మును. ఆ ఫైలును మన డిస్కులో దాచుకొన్నచో, అంగడి మూతపడినను ఒంటరిగా ఆడు ఆట నిలుచును. ఈ మాట చెప్పగా విద్యార్థి వెంటనే ఫోనులో వెదకెను. అతడు కొన్న ఆట అచట లేదు. గురజాల మిత్రుడు మాత్రము పండుగ తగ్గింపు ధరకై ఎదురుచూచుచున్నాడట.