కుక్కపిల్ల తివాచీ మీదే ఎందుకు ఉచ్చ పోస్తుంది?

విజయవాడ వన్ టౌన్ ఇరుకు సందుల్లో చాలా ఇళ్లకు పెరడు ఉండదు. గచ్చంతా ఖాళీగా ఉన్నా కుక్కపిల్ల వెతుక్కుంటూ పోయి తివాచీ మీదే పోస్తుంది. ఎందుకు? మెత్తని బట్ట తడిని వెంటనే పీల్చేస్తుంది, కాళ్లకు అంటదు. పైగా ఉతికాక కూడా మన ముక్కుకు అందని వాసన దానికి అందుతూనే ఉంటుంది. అదే తన చోటనుకుంటుంది.

మరి మాన్పించడం ఎలా? 3 నెలల పిల్ల పగలు సుమారు 3 గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక డాబా మీదికి ఎత్తుకెళ్లండి. టీకాలు పూర్తికాకుండా వీధిలో దించితే పార్వో వైరస్ సోకే ప్రమాదం ఉంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇక ఆగదు. పని కాగానే, అక్కడికక్కడే మెచ్చుకుని చిన్న తిండిముక్క పెట్టండి. ఆలస్యమైతే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు.

కొడితే మాత్రం అది నేర్చుకునేది మంచం కింద దాక్కుని పోయడమే. దయచేసి కొట్టకండి. అలవాటు కుదిరేదాకా తివాచీని చుట్టి అటక మీద పెట్టేయండి.