కొండదారిలో పక్షి పరిచయం

చెరువుగట్టున నిలుచున్నవానికి కొంగ తనంతట తానే కనబడుతుంది. కొండ అడవిలో అట్లు కాదు. అనంతగిరి, అరకు ప్రాంతాలలో అడుగుపెట్టినవానికి మొదట వినబడేది కూత, కనబడేది ఆకు. విశాఖపట్నం నుండి ఉత్సాహంతో వచ్చిన నూతన పరిశీలకుడు గంటసేపు తిరిగి, ఒక్క పిట్టనైనా పోల్చుకొనలేక, ఈ అడవిలో పక్షులే లేవని నిశ్చయించుకొనడం కద్దు.

పక్షులు లేకపోలేదు. చలికాలంలో పలుజాతుల చిన్నపిట్టలు ఒక్క గుంపుగా కలిసి పురుగులను వెదకుతూ సంచరిస్తవి. ఆ గుంపు దూరాన ఉన్నంతసేపు అడవి నిశ్శబ్దం. అది తలమీదికి వచ్చిందా, కొమ్మకొమ్మా కదులుతుంది. వడ్రంగిపిట్ట మానుబెరడు తడుముతుంటే, తోకనుండి రెండు పొడుగాటి ఈకలు వ్రేలాడే ఏట్రింత పైకొమ్మన కూర్చుండి, తక్కిన పిట్టలు లేపిన పురుగులను గాలిలోనే అందుకొంటుంది. కొద్ది నిమిషాలలో అంతా దాటిపోతుంది. కాబట్టి సూర్యోదయవేళ వాగుప్రక్కన ఒకచోట కదలక కూర్చున్నవానికే లాభమెక్కువ. ఆ వాగురాళ్లమీదనే, హిమాలయాలవంటి దూరప్రాంతాలనుండి శీతకాలానికి దిగివచ్చిన బూడిదరంగు వీపు, పసుపు పొట్టగల చిన్నపిట్ట ఎడతెగక తోక ఆడిస్తూ కనిపించవచ్చు.

సాధనాలు స్వల్పం. ఎనిమిదిరెట్లు పెద్దదిగా చూపే దుర్భిణి చాలును; మరీ శక్తిగలదానిలో చేతివణుకు కూడా పెద్దదై కనబడుతుంది. పేరు వెదకడానికి ముందే పరిమాణం, ముక్కు తీరు, నేలమీద మేసినదా కొమ్మమీదనా అన్నది వ్రాసుకొనవలె. నేడు చేతిఫోను కూత విని పేరు చెబుతున్నది. ఆ సాయాన్ని త్రోసిపుచ్చనక్కరలేదు గాని, పిట్టను చూడకమునుపే పట్టికలో చేర్చుకొనడం మాత్రం పరిశీలన అనిపించుకొనదు. ఇక పేర్లకు మనకేమి కరవు? పాలపిట్ట, పికిలిపిట్ట, జెముడుకాకి, కొండగోరింక! 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యవైద్యుడు జెర్డన్ తన పక్షిగ్రంథాలలో తెలుగు పేర్లను శ్రద్ధగా చేర్చాడు. ఆంగ్లపుస్తకం చేతబట్టిన మనవారే వాటిని మరచుట విచారకరం.

క్రొత్తవాడు సాధారణంగా రంగులను వెదకుతాడు. ఈ కొండల చరిత్రలో విశేషమైన పిట్టకు రంగులే లేవు. గోధుమవన్నె దేహం, పొట్టితోక, పొదల అడుగున దాగి తిరిగే స్వభావం. ఆంగ్లంలో దానిని అబట్స్ బాబ్లర్ అంటారు. తూర్పు హిమాలయ పాదసీమలనుండి ఆగ్నేయాసియావరకు దాని నివాసం. అటువంటిది ఇంత దూరాన, మన తూర్పు కనుమలలోనూ ఉన్నట్లు తేలింది. 1985లో రిప్లే, బీలర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దానిని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి, ఈ కనుమల పక్షులను పరిశోధించిన విశాఖవాసి కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేర ‘కృష్ణరాజుయి’ అని నామకరణం చేశారు.

కాఫీతోటలలో నీడకొరకు పెద్దచెట్లను నిలుపుతారు, అడుగుపొదలను తొలగిస్తారు. కొండగోరింకకు ఎత్తైన మాను ఉంటే బ్రతుకు సాగుతుంది. ఈ గోధుమవన్నె పిట్టకు మాత్రం ఆ పొదయే ఇల్లు.