పటంలో మన తీరం

ద్వారకా నగర్‌లో సందు తప్పితే ఫోను దారి చూపిస్తుంది. అదే అయిదొందల ఏళ్ల కిందటి యూరప్ పటాల్ని నమ్ముకుంటే... మన తీరమే దొరకదు! 1477లో ఇటలీలోని బొలోన్యాలో అచ్చయిన టోలెమీ పటాల్లో మన దేశం కిందికి ముక్కోణంలా సాగదు, అడ్డంగా పడుకుంటుంది. శ్రీలంక మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. అయినా టోలెమీ రాసిన ‘మైసోలియా’ మన కృష్ణా తీరమేనంటారు చరిత్రకారులు.

1752లో ఫ్రాన్స్‌కు చెందిన డాన్‌విల్ తనకు తెలియనిచోట ఖాళీ వదిలేశాడు. 1782లో రెన్నెల్ పటంతో దేశం ఓ రూపానికొచ్చింది.

రాగిరేకుతో అచ్చేసిన అసలు పటానికి అంచున రేకు నొక్కిన గుర్తుంటుంది. సేకరించేవాళ్లు ముందు దాన్నే వెతుకుతారు. విడి పటాలకు గిరాకీ ఉందని పాత అట్లాసుల్ని కోసేయడమే అసలు బాధ. 2005లో అమెరికాలోని యేల్ గ్రంథాలయంలో పటాల వ్యాపారి ఫోర్బ్స్ స్మైలీని పట్టించింది నేలమీద పడ్డ బ్లేడే!

అందుకే బేరానికి ముందు ‘ఇది ఎవరి చేతుల్లోంచి వచ్చింది?’ అని అడగాలి.