ముద్ర వుంది గదా అని...

మన అమ్మమ్మలు ఆవకాయ జాడీకి చీటీ అంటించి యెరుగరు. కారం యే వూరి మిరపకాయలదో, నూనె యే గానుగదో ఇంటిల్లిపాదికీ తెలుసు. పట్నవాసంలో ఆ పరిచయం పోయింది. మా విశాఖపట్నంలో రైతుబజారుకు వెళ్ళినా, అద్దాల దుకాణానికి వెళ్ళినా ‘సేంద్రియం’ అన్న మాట చెవిని పడుతూనే వుంటుంది. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనక చెబుతున్నాను: ఇంద్రియాలు గలది అని దాని వ్యుత్పత్తి. రసాయనిక ఎరువులూ, పురుగుమందులూ వేయకుండా పండించినదని ఇవాళ్టి వాడుక. మాటకు అర్థం మారితే నష్టం లేదు. దాన్ని నమ్మి డబ్బిచ్చేవారు మోసపోకూడదు గదా!

అందుకే ముద్రలు వచ్చాయి. అరకు కాఫీనే తీసుకోండి. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాఫీ యెక్కడిదో అది చెబుతుంది. యెలా పండించారో చెప్పదు. పొట్లం మీద 14 అంకెల లైసెన్సు సంఖ్య వుంటుంది. వ్యాపారి ఆహార భద్రతా సంస్థవారి పద్దుల్లో వున్నాడని దాని భావం. సేద్యం సంగతి చెప్పేది ‘జైవిక్ భారత్’ ముద్ర. 2017 నాటి నిబంధనల ప్రకారం సేంద్రియమని పొట్లం కట్టి అమ్మాలంటే ధ్రువపత్రం వుండి తీరాలి.

ఆ పత్రం వూరికే రాదు. కాఫీ యేళ్ళ తరబడి కాసే తోట గనక, సాధారణంగా మూడేళ్ళు నియమాలు పాటించాలి. అంతవరకూ పంటను పూర్తి సేంద్రియమని అమ్ముకోవడానికి లేదు. యెప్పుడు యే ఎరువు వేసిందీ రాసిపెట్టుకోవాలి. ఒక్క గిరిజన రైతు భరించగల ఖర్చు కాదు గనక పదిమందీ సంఘంగా చేరి పత్రం తెచ్చుకునే వీలున్నది. వారిలో ఒకడు మందు చల్లితే అందరికీ ముప్పే! తాను పండించినది తానే నేరుగా అమ్ముకునే చిన్నరైతుకు మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. అయితే అతడు ఆ ముద్ర వేసుకోరాదు. ముద్ర లేదని అతణ్ణి అనుమానించడం న్యాయం కాదు.

పథ్యం దగ్గరకు వచ్చేసరికి కథ వేరు. నా సహోద్యోగి ఒకాయన మనవడికి సీలియాక్ జబ్బు. గోధుమలోని గ్లూటెన్ ఆ పిల్లవాడి పేగును దెబ్బతీస్తుంది. చోళ్ళలో, అంటే రాగుల్లో, అది లేదు. ఏజెన్సీలో పండిన సేంద్రియపు చోళ్ళే తెచ్చి, వీధి చివర పిండిమరలో ఆడించారు. అంతకుముందు ఆ మరలో ఆడినవి గోధుమలు! పిల్లవాడికి మళ్ళీ కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. సేంద్రియమన్న మాట అబద్ధం కాదు. అసలు సేంద్రియపు గోధుమలూ వుంటాయి. ఆ బిడ్డకు కావలసినది ‘గ్లూటెన్ రహితం’ అన్న హామీ. అలా చీటీ వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ వుండరాదని మన నిబంధన.

ఇప్పుడు వారు కొత్త తిరగలి కొన్నారు. చోళ్ళు యేరి, కడిగి, ఆరబోసి ఇంట్లోనే విసురుకుంటున్నారు. ఆ తిరగలిలో మరో గింజ పోయరు.

కనక సరుకు కొనేముందు మనకు కావలసిన జవాబేదో తేల్చుకోవాలి: పండిన వూరా, పండించిన తీరా, ఒంటికి పడని పదార్థమా? మూడోదే అయితే ముందువైపు బొమ్మ చూసి తృప్తిపడకండి. పొట్లం తిప్పి, వెనకనున్న సన్నటి అక్షరాలను కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదవండి.