చెవిలో హోరు: చీనా వైద్యుల పద్ధతి

రాత్రి ప్రొద్దుపోయినది. వంటయింటి పని ముగిసినది, పిల్లలు నిద్రించిరి, వీధి సద్దుమణిగినది. అప్పుడు దిండుమీద తలవాల్చిన యొక యిల్లాలికి చెవిలో ఇలకోడి కూయ మొదలుపెట్టును. ఆమె లేచి దీపము వెలిగించి మంచముక్రింద వెదకును. ఏమియు నుండదు. ప్రక్కవారిని లేపి “మీకు వినబడుచున్నదా?” యని యడుగును. వారికి వినబడదు. ఇట్టి బాధ పడువారు మన యిండ్లలో చాలమంది కలరు. జ్వరమువలె చేయిపెట్టి చూచుటకు వీలులేదు, పుండువలె కంటికి కనబడదు. కావున చెప్పుకొన్నవారి మాటను నమ్మువారు తక్కువ.

మా పెద్దమ్మగారు ఈ బాధను రెండేండ్లు పడిరి. ఆమెకు డెబ్బది దాటినవి. కుమారుడు “అమ్మా, వయసు వచ్చినది గదా, ఏదో యొక చప్పుడు తప్పదు” అనెను. కోడలు “అత్తయ్యా, గుబిలి పట్టియుండును” అని నూనె వెచ్చచేసి పోసెను. (కర్ణభేరికి చిల్లి యున్నచో ఈ నూనె హాని చేయును. చెవి చూపింపక నూనె పోయుట మంచిది కాదు.) హోరు తగ్గలేదు. కొంతకాలమునకు ఆమె ఆ మాట యెత్తుటయే మానివేసిరి. నిద్రలేక కండ్లు గుంటలుపడుట చూచి మేము గ్రుచ్చి గ్రుచ్చి యడిగినగాని చెప్పలేదు.

తరువాత ఆమె సింగపూరులో నున్న చిన్నకూతురి యింటికి పోయిరి. అక్కడ చీనా వైద్యులు శాసనప్రకారము పేరు నమోదు చేయించుకొననిదే వైద్యము చేయరాదు. ఆ శాసనము 2000లో వచ్చినది. కూతురు తల్లిని అట్టి వైద్యురాలియొద్దకు తీసికొనిపోయెను. ఆ వైద్యురాలు చెవికంటె ముందు నాలుక చూచినదట. ఆపైన రెండు మణికట్లయందును మూడేసి వ్రేళ్ళు మోపి చాలసేపు నాడి పట్టినదట. మన వైద్యులును మూడు వ్రేళ్ళతోనే నాడి చూతురుగదా! అటుపిమ్మట ప్రశ్నలు: చప్పుడు సన్ననిదా, పెద్దదా? ఒక్కసారి వచ్చినదా, మెల్లగా వచ్చినదా? కోపము వచ్చినపుడు హెచ్చునా? అలసినపుడు హెచ్చునా? నడుము నొచ్చునా? రాత్రులు అరికాళ్ళు మండునా? ఆకలి యెట్లున్నది? పెద్దమ్మగారు మాతో చెప్పిన మాట యిది: “రెండేండ్లకు నన్ను ఇన్ని మాటలడిగినది ఆమె యొక్కతెయే.”

ఈ ప్రశ్నల వెనుక చీనావారి శాస్త్రమంతయు నున్నది. దానిని కొంత విప్పి చెప్పెదము.

చీనా వైద్యమునకు మూలగ్రంథము ‘హువాంగ్ ది నేయ్ జింగ్’ అనునది. ఇది రమారమి రెండువేల యేండ్లక్రిందట కూర్పబడినది. ఇందు ‘సూ వెన్’, ‘లింగ్ షూ’ అను రెండు భాగములును, భాగమునకు 81 అధ్యాయములును గలవు. దేహమంతట సంచరించు ప్రాణశక్తిని చీనావారు ‘ఛీ’ యందురు. ఆ మాట మన చెవికి తిట్టువలె వినబడును గాని వారికది పూజ్యమైనది. ఆ శక్తి దారులవెంట ప్రవహించును. ఆ దారులు సరిగా నిండియున్నచో ఆరోగ్యము. ఎండినను, అడ్డుపడినను, ఎదురు తిరిగి పైకెగసినను రోగము.

ఇక చెవి మాట. చెవి మూత్రపిండములకు వాకిలి యని వారి సిద్ధాంతము. మూత్రపిండముల శక్తి చెవులదాక ప్రాకును. అది నెమ్మదిగా నున్నపుడు చెవి స్వరములను చక్కగా వినును. ఇచ్చట మూత్రపిండమనగా నీరు వడగట్టు అవయవము మాత్రమే కాదు. పుట్టుకతో వచ్చిన సారమంతయు అచ్చట దాచబడియుండునని వారి నమ్మకము. ఎముకలలోని మజ్జ దానినుండి పుట్టును. మెదడు ఆ మజ్జకు సముద్రము. వయసు మీరినకొలది, కాన్పులు పెక్కయినకొలది, నిద్రలేని రాత్రులు గడచినకొలది ఆ సారము తరుగును. సముద్రము తగ్గినపుడు తల తిరుగును, చెవి మ్రోగును. జలతత్త్వము, నలుపురంగు, ఉప్పురుచి, శీతకాలము, భయము: ఇవన్నియు మూత్రపిండములకు చెందినవిగా వారు లెక్కింతురు.

ఆ గ్రంథమందే వేరొక కారణమును చెప్పబడినది. ప్రధాననాడులు చెవియందు కూడుననియు, కడుపు వట్టిపోయినపుడు ఆ నాడులును వట్టిపోయి చెవి మ్రోగుననియు నందు గలదు. ఇది చదివినపుడు అందరికి వడ్డించి చివరకు అడుగంటినది తిను మన యిల్లాండ్రు మాకు జ్ఞప్తికి వచ్చిరి.

చీనాభాషలో ఈ వ్యాధికి ‘ఎర్ మింగ్’ అని పేరు. ‘ఎర్’ అనగా చెవి. ‘మింగ్’ అను అక్షరమున నోరు, పక్షి అను రెండు బొమ్మలు చేరియున్నవి. పిట్టకూత యని దాని మొదటి భావము. మన మాధవనిదానమున దీనికి కర్ణనాదమని పేరు. చెవి దారులలో వాతము నిలిచినపుడు భేరి, మృదంగము, శంఖము మొదలగువాని ధ్వనులు వినబడునని యందు చెప్పబడినది. వారికి పిట్టలు, మనకు వాద్యములు!

చప్పుడునుబట్టి రోగమును విడదీయుటయందు చీనావారు మిక్కిలి నేర్పరులు. మింగు వంశపు పాలనకాలమున నుండిన జాంగ్ జియే బిన్ (1563–1640) అను వైద్యుడు దీనిని చక్కగా నిర్ణయించెను. ఒక్కసారిగా వచ్చి పెద్దదిగా మ్రోగునది దేహమున దోషము నిండుటవలన కలుగును. మెల్లమెల్లగా వచ్చి సన్నగా మ్రోగునది శక్తి తరుగుటవలన కలుగును. చేతితో చెవిని ఒత్తినపుడు హోరు హెచ్చినచో నిండుదనము, తగ్గినచో తరుగు. ఈ పరీక్ష ఎంత తేలికయైనదో చూడుడు.

నిండుదనమునందు ముఖ్యమైనది కాలేయపు అగ్ని. కోపము మ్రింగికొనుటచేత అది రాజుకొని, పిత్తాశయపు దారివెంట చెవికి ఎగబ్రాకి, సముద్రపు హోరువలె మ్రోగునట. కండ్లు ఎఱ్ఱబడును, నోరు చేదగును. శ్లేష్మము అగ్నితో కూడి దారిని మూయుట యింకొకటి. పడిసెముతో వచ్చు గాలివేడి వేరొకటి, ఇది కొద్దినాళ్ళది. తరుగునందు మూత్రపిండముల తరుగొకటి, జీర్ణశక్తి తరుగొకటి. మా పెద్దమ్మగారికి సన్నని కూత, నడుమునొప్పి, అరికాళ్ళమంటలు, నిద్రలేమి యుండుటచేత ఆ వైద్యురాలు మూత్రపిండముల తరుగని నిశ్చయించినది.

చికిత్సలో మొదటిది సూదులు. చెవిముందర, నోరు తెరచినపుడు గుంటపడు చోట మూడు స్థానములు ఒకదానిక్రింద నొకటి యుండును. వానికి చెవివాకిలి, వినికిడి మందిరము, వినికిడి కూడలి అని అర్థమిచ్చు పేర్లు. దూరపు స్థానములును గలవు: చేతి వెనుక ఉంగరపు వ్రేలికిని చిటికెన వ్రేలికిని నడుమ నొకటి, కాలి లోపలి చీలమండకు వెనుక నొకటి. చెవి మ్రోగుచుండగా కాలికి సూది యేల యని పెద్దమ్మగారు నవ్విరట. మూత్రపిండపు దారి ఆ చీలమండమీదుగా పోవునని వైద్యురాలు చెప్పినది. మన దేశమునకును ఈ విద్య వచ్చియున్నది. 1938లో చీనాకు పోయిన భారత వైద్యబృందములోని డాక్టరు బసుగారు తరువాత ఆ సూదులవిద్య నేర్చి కలకత్తాలో ప్రచారము చేసిరి.

రెండవది మందులు. మూత్రపిండముల తరుగునకు ‘లియు వే ది హువాంగ్’ అను ఆరు ద్రవ్యముల మాత్ర ప్రసిద్ధము. దీని కథ తల్లులకు నచ్చగలదు. ఇది మొదట ముదుసలులకు చేసినది కాదు, పసిపిల్లలకు చేసినది. సుంగువంశ కాలపు శిశువైద్యుడు ఛియెన్ ఈ, పూర్వపు మందొకదానినుండి వేడిచేయు దినుసులు రెండు తీసివేసి, మాడు పూడక, మాటలు రాక యెదుగుదల ఆలస్యమైన బిడ్డలకు దీనిని ఏర్పరచెను. అతని పద్ధతులు 1119లో గ్రంథముగా వెలువడెను. ఇందు ది హువాంగను వేరు 8 పాళ్ళు, పెండలపుజాతి దుంపయొకటి 4, ఒక పుల్లని పండు 4, తక్కిన మూడును మూడేసి పాళ్ళు. చెవి హోరునకు దీనిలో సూదంటురాయి మొదలగువానిని చేర్చుదురు. రాయి బరువైనది గనుక పైకెగసిన దానిని క్రిందికి దింపునని వారి తర్కము. ఆహారమున నల్లనువ్వులు, అక్రోటులు మంచివందురు. నలుపు మూత్రపిండముల రంగు గదా. నువ్వులు మన యింట నుండనే యున్నవి.

మూడవది డబ్బు ఖర్చులేనిది. దానికి ‘ఆకాశభేరి వాయించుట’ అని పేరు. అరచేతులతో రెండు చెవులను మూసి, వ్రేళ్ళను తలవెనుకకు చాపి, చూపుడువ్రేలిని నడిమివ్రేలిమీద నెక్కించి, జారవిడిచి, తల వెనుకభాగమును తట్టవలెను. లోపల డప్పు మ్రోగినట్లుండును. ఇట్లు 24 సార్లు చేయుదురు. చెవిపోటు గాని, చీము గాని యున్నవారు దీనిని చేయరాదు.

ఇంతవరకు విన్నవారు “మాకును ఆ మాత్రలు తెప్పింపుడు” అనవచ్చును. తొందరపడవలదు. కాలేయపు అగ్నికి ‘లొంగ్ దాన్ షియే గాన్’ అను ప్రాచీనమైన మందు కలదు. దానిలో ‘ము తొంగ్’ అను తీగె చేరవలెను. కాలక్రమమున పేరులోని పోలికచేత దానికి బదులు ‘గువాన్ ము తొంగ్’ అను వేరొక తీగెను వాడిరి. ఈ రెండవదానియందు అరిస్టొలోకిక్ ఆమ్లమను విషము గలదు. అది మూత్రపిండములను మెల్లగా ఎండించివేయును, మూత్రమార్గమున పుట్టకురుపును గూడ కలిగించును. చెవి బాగుపడవలెనని మందు తినిన వారికి, ఏ అవయవమును చెవికి మూలమని ఆ వైద్యమే చెప్పినదో ఆ యవయవమే పాడయ్యెను! 2003లో చీనా ప్రభుత్వమే ఆ తీగెను నిషేధించినది. అంతకు పూర్వమే, బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో సన్నబడుటకు మందు తినిన స్త్రీలకు ఇట్టి పొరపాటువలననే మూత్రపిండములు చెడిన సంగతి 1993లో వైద్యపత్రికలకెక్కినది. అట్లు చెడినవారు నూరుమందికి పైబడిరి. మన పల్లెలలో ఈశ్వరవేరనియు, గాడిదగడపయనియు వాడు మొక్కలును ఆ కుటుంబమునకు చెందినవే యని మన సోదరీమణులు గుర్తుంచుకొనవలెను.

నేటి చెవివైద్యులు ఈ వ్యాధినిగూర్చి వేరుగా చెప్పుదురు. లోపలిచెవియందు శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు గలవు. వయసుచేతను, యంత్రముల రొదచేతను, కొన్ని మందులచేతను అవి నశించును, మరల మొలకెత్తవు. అచ్చటినుండి వార్త రాకపోగా మెదడు ఆ లోటును తానే యొక ధ్వనిచే పూరించుకొనును. దీనిని నిర్మూలించు మందు నేటివరకు లేదు. సూదులమాట యేమనగా, నిజపు సూదులను, ఉత్తుత్తి సూదులను పోల్చిచూచిన పరిశోధనలు ఒకటొకటియు చిన్నవి; ఒకదానితో నొకటి పొసగవు. 2014లో అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘమువారు ప్రకటించిన విధానములో సూదులు వాడుడనిగాని వలదనిగాని చెప్పలేదు. గింగో ఆకును, జింకును మాత్రము వలదనిరి. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము నిచ్చి చూడుమనియు, మనస్సును హోరుమీదనుండి మరలించు శిక్షణ నిమ్మనియు చెప్పిరి.

అట్లయిన ఆ చీనా వైద్యమంతయు వట్టిదేనా యని అడుగుదురేమో. మేమట్లు అనుకొనము. మూత్రపిండమునుండి చెవికి దారి యున్నదని మేము నమ్మలేదు. అయినను, అలసట, కోపము, పస్తు, నిద్రలేమి ఈ బాధను పెంచునని వారు రెండువేల యేండ్లక్రిందటనే కనిపెట్టిరి. అన్నిటిని విడివిడిగా అడిగి తెలిసికొనుట వైద్యమందొక భాగమని వారెరుగుదురు. ఒక్క విషయమున మాత్రము వారికొరకు ఆగరాదు. హఠాత్తుగా వినికిడి పోయినను, ఒక్క చెవియందే మ్రోగుచున్నను, గుండె కొట్టుకొనుటతోబాటు లయగా మ్రోగినను, తల తిరిగి పడిపోవుచున్నను వెంటనే చెవివైద్యునికి చూపవలెను. హఠాత్తుగా వినికిడి పోయినవారికి రెండు వారములలోపల మందు పడినచో ప్రయోజన మెక్కువ. నాడి చూపించుకొనుచు కాలము గడిపినచో అదియు పోవును.

పెద్దమ్మగారు సింగపూరులో పదిసార్లు సూదులు వేయించుకొనిరి. హోరు పోలేదు, నిద్ర మాత్రము కొంత కుదిరినది. మాత్రల సీసాతో స్వదేశమునకు రాగా, రక్తపుపోటుకు మందిచ్చు వైద్యుడు ఆ సీసా చూచి, దానిలోని దినుసుల పేర్లన్నియు వ్రాయించి తెమ్మనెను. కూతురు ఒక్కొక్కటి తెలుగులో వ్రాసి పంపెను. వానిలో చెడ్డతీగె లేదు. అయినను వైద్యుడు మూత్రపిండముల పరీక్ష చేయించి, మూడు నెలలకు మాత్రలు మాన్పించెను. చెవి పరీక్షలో సన్నని స్వరములు రెండు చెవులకును వినబడుట లేదని తేలినది. ఇప్పుడామె పగలు వినికిడి యంత్రము పెట్టుకొనుచున్నారు; అది యున్నంతసేపు హోరు వెనుకకు పోవునట. రాత్రి పంకా తిరుగుచుండిన చాలునందురు. ఉదయము కాఫీ త్రాగినపిదప ఆకాశభేరి వాయించుట మాత్రము మానలేదు. మనుమలు ఇద్దరును ఆమె ప్రక్కన కూర్చుండి, చెవులు మూసికొని, 24 లెక్కపెట్టుచు తలలు తట్టుకొనుచున్నారు.