యోవేలు చూచిన మిడుతలు, యోహాను చూచిన మిడుతలు

2020 మే నెలాఖరులో అనంతపురం జిల్లా రాయదుర్గంలోను, మన కుప్పానికి ఆనుకొనియున్న క్రిష్ణగిరి జిల్లాలోను జిల్లేడు చెట్లమీద మిడుతలు గుంపులుగా కనిపించాయి. అప్పటికే ఉత్తర దేశంలో ఎడారి మిడుతలు పైరులను తినివేస్తున్నాయన్న వార్తలు వస్తున్నవి. దానికి తోడు కరోనా. ఇంకేముంది! "ప్రకటన తొమ్మిదవ అధ్యాయము నెరవేరింది" అన్నారు మన సంఘస్థులు కొందరు. వ్యవసాయ శాఖవారు చూచి, ఇవి దండుగా వచ్చే ఎడారి మిడుతలు కావు, జిల్లేడు ఆకు తినే మన ప్రాంతపు మిడుతలే అని చెప్పారు.

ప్రియ చదువరులారా, పరిశుద్ధ గ్రంథములో మిడుతల దండు యోవేలు గ్రంథములోనూ ఉన్నది, ప్రకటన గ్రంథములోనూ ఉన్నది. ఆ రెంటిని పక్కపక్కన పెట్టి చదవండి.

యోవేలు మిడుత రైతుకు తెలిసిన మిడుతే. గొంగళిపురుగు, మిడుత, పసరుపురుగు, చీడపురుగు అని వరుసగా చెప్పుతాడు. వేరుశెనగ చేనులో ఎర్ర గొంగళిపురుగును చూచిన మనకు ఆ అధ్యాయమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. ద్రాక్షచెట్లు పోయినవి, అంజూరపు చెట్లు పోయినవి. కనుక ఉపవాసదినము ప్రతిష్ఠించుడి, దేవునివైపు తిరుగుడి అంటాడు. యోహాను మిడుతలైతే అగాధములోనుండి పొగతో లేస్తాయి. వాటికి మనుష్యుల ముఖములు, సింహపు కోరలు, తేలు తోకలు. పైగా గడ్డిని, చెట్లను ముట్టకూడదని వాటికి ఆజ్ఞ. పచ్చగడ్డి తినని మిడుతను ఏ రైతైనా చూచాడా? ఇది పొలములోని పురుగును గూర్చిన మాట కాదని అక్కడే తెలిసిపోవాలి.

మొదటిది ప్రవచనము. ప్రవక్త అంటే జోస్యుడు కాడు, దేవుని పక్షముగా మాటలాడువాడు. తెకోవ ఊరి ఆమోసు పశువులు కాచి, మేడిపండ్లు ఏరుకొనేవాడు. క్రీ.పూ. 8వ శతాబ్దములో బేతేలుకు వెళ్ళి, దొంగ త్రాసులను గూర్చి, చెప్పుల జోడుకు బీదవానిని అమ్మినవారిని గూర్చి ఎదురుగా నిలిచి మాటలాడాడు. ఒక చేనులో వాన, పక్క చేను ఎండు అన్న సంగతి కూడా చెప్పాడు. మన సీమ రైతు ఏటా చూచేదే. భవిష్యత్తును చెప్పినా "మారితే తప్పుతుంది" అన్న షరతు అందులో ఉంటుంది. నలువది దినములలో నీనెవె నాశనమగునన్నాడు యోనా. పట్టణము మారింది, నాశనము తప్పింది. యోనాకు కోపము వచ్చినది గాని ఆ ప్రవచనము వచ్చిన పని అయింది.

రెండవ రకమును వేదాంత పాఠశాలలో అపోకలిప్టిక్ సాహిత్యము అంటారు. ఆ గ్రీకు మాటకు అర్థము మరుగైనదానిని బయలుపరచుట. దానియేలు 7 నుండి 12 అధ్యాయములు, ప్రకటన గ్రంథము ఈ జాతివి. హెబ్రీ బైబిలులో దానియేలు ప్రవక్తల వరుసలో లేదు, ఇతర గ్రంథముల భాగములో ఉన్నది. ఇక్కడ శ్రోతలు వేరు. రాజు ఎదుట నిలిచి మాటలాడే వీలు లేనివారు, కాలిక్రింద నలిగేవారు. క్రీ.పూ. 167లో అంతియొకస్ ఎపిఫానెస్ యెరూషలేము దేవాలయమును అపవిత్రపరచినప్పుడు దానియేలు దర్శనములు వారికి ప్రాణము నిలిపాయి. ఆ దర్శనములు ఆ కాలములోనే వ్రాయబడెనని చాలమంది పండితులు, బబులోను చెర కాలములోనేనని మరికొందరు అంటారు. యోహాను వ్రాసినది, ఎక్కువమంది అభిప్రాయములో, క్రీ.శ. 95 ప్రాంతమున, నేటి టర్కీలోని ఏడు సంఘములకు. ఏడు కొండలమీద కూర్చున్న స్త్రీ అంటే అది రోమా అని వారికి చెప్పనక్కరలేదు. ఆ కాలములో అక్షరములే అంకెలు; నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరములలో కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతులలో 616 ఉన్నది. ఆ పేరును లాటిను రూపములో వ్రాస్తే వచ్చే సంఖ్య అదే.

రెంటి మధ్య గోడ ఉన్నదని అనుకోవద్దు. ప్రకటన తన్ను తాను ప్రవచనమనే పిలుచుకొంటుంది. యోవేలులో చంద్రుడు రక్తముగా మారుట ఉన్నది.

మన చిక్కు వేరేచోట ఉన్నదని నా అభిప్రాయము. సీమలో ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అంటారు. కాలజ్ఞానమునకు అలవాటుపడిన ఆ చెవితోనే యోహానును వింటాము. ఇది మన పల్లెల బలహీనత మాత్రమే కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు దానియేలు దినములు లెక్కకట్టి 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని కనిపెట్టుకొని కూర్చున్నారు. కొందరు పంట కూడా కోయలేదు.

2021లో మా సంఘములోని ఒక అవ్వ, "అయ్యగారూ, ఈ సూది వేసుకుంటే మృగము ముద్ర పడతాదంట, నిజమేనా?" అని అడిగింది. పదమూడవ అధ్యాయములో నొసటి ముద్ర మృగమునకు మ్రొక్కువారిది; తరువాతి అధ్యాయము మొదటనే గొఱ్ఱెపిల్లతో ఉన్నవారి నొసళ్ళమీద తండ్రి నామమున్నది. "ఆ పేరు నీ నొసట ఎవరైనా చూసినారా అవ్వా?" అన్నాను. నవ్వింది. ఆ వారమే టీకా వేయించుకొన్నది. ఆమె కుమారుడు ఫోనులో వచ్చిన వీడియోనే నమ్మి, చివరివరకు ఒప్పుకోలేదు.