శనాదివారములలో విశాఖపట్టణము

వినోదమునకై ప్రయాణము చేయుట ధనవంతులకే చెల్లునను తలంపు మన గృహములలో లోతుగా నాటుకొనియున్నది. తీర్థమునకు పోవచ్చును, పెండ్లికి పోవచ్చును, పురిటికి పోవచ్చును, ఊరక చూచి సంతోషించి వచ్చెదమనినచో మాత్రము “అచ్చట మీకేమి పని?” యను ప్రశ్న గడప దాటకమునుపే యెదురగును.

మా ఉద్దానపు సీమలో ఈ ప్రశ్నకు మరింత బరువు గలదు. మా స్త్రీలలో పెక్కుమందికి విశాఖపట్టణమనిన కింగు జార్జి ఆసుపత్రియే. కారణ మింకను నిర్ణయింపబడని మూత్రపిండముల వ్యాధి ఎన్నో యిండ్లను పట్టి పీడించుచుండగా, ఏండ్ల తరబడి రోగులను వెంటబెట్టుకొని అచ్చటికే పోవుచుండిరి. 2023 డిసెంబరులో పలాసయందే ఈ వ్యాధికై 200 పడకల ఆసుపత్రి తెరవబడిన పిమ్మట కొందరికి ఆ ప్రయాణము తప్పినది. మాతో వచ్చిన యొకామె భర్తకు తోడుగా పదునొకండు మారులు విశాఖ పోయి, వసారాలలో పండుకొని వచ్చినది. సముద్రతీరపు బాట అచ్చటికి దూరము కాదు. అయినను ఒక్కమారైన ఆ దెసకు పోవుటకు ఆమెకు మనసొప్పలేదట. ఈ ప్రయాణము ముఖ్యముగా ఆమెకొరకే తలపెట్టబడినది.

మేము నలుగురు స్త్రీలము. మాతో ముగ్గురు పిల్లలు. వారమునకు తలకు 30 రూపాయల చొప్పున 25 వారములు ఒక డబ్బాలో వేసితిమి. మూడువేలు కాగానే బయలుదేరితిమి. ఇంత తక్కువ సొమ్ముతో ఏడుగురు విశాఖ పోయివచ్చుట యెట్లనిన, 2025 ఆగస్టు 15 మొదలు ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ వారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలోను, నగరములలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్సు బస్సులలోను స్త్రీలకు ఛార్జీ లేదు. రాష్ట్రవాసులమని చూపు ఆధారు కార్డుగాని ఓటరు కార్డుగాని దగ్గర నుంచుకొనవలెను. కండక్టరు సున్న టిక్కెట్టు నిచ్చును. సూపర్ లగ్జరీ, నాన్‌స్టాపు బండ్లకు ఈ సౌకర్యము వర్తింపదు గనుక శ్రీకాకుళములో బండి మారునపుడు బోర్డు చదివి యెక్కవలెను. మాలో సొమ్ము చెల్లించినవాడు పదియేండ్ల బాలుడొక్కడే. ఆ యర టిక్కెట్టును చొక్కాజేబులో నుంచుకొని, మమ్మందరిని తానే తీసికొనిపోవుచున్నట్లు దారిపొడవునను గంభీరముగా కూర్చుండెను.

తెల్లవారుజామున బారువలో బయలుదేరి, పలాసలోను శ్రీకాకుళములోను బండ్లు మారి, మధ్యాహ్నమునకు విశాఖ చేరితిమి. సుమారు 200 కిలోమీటర్ల దారి. శనివారమగుటచే సగము దూరము నిలువుకాళ్ల మీదనే. ఒక పెద్దమనిషి మమ్ము చూచి, “ఉచితమనగానే ఆడవారందరు ఊళ్లుపట్టి తిరుగుచున్నారు” అని పక్కవానితో ననెను. సాయంకాలము టీకొట్టు బల్లమీద రెండేసి గంటలు కూర్చుండు పురుషులను “మీ కిచ్చట నేమి పని?” అని అడిగినవారిని మేమింతవరకు చూడలేదు. వంటయు, జీడిపిక్కల పనియు, పీచుపనియు ముగించుకొని ఆరునెలల కొకమారు రెండు దినములు తిరిగిన స్త్రీ లెక్క చెప్పవలసినది ఆ పెద్దమనిషికి కాదు.

విశాఖలో చూడదగినవి చాల గలవు. రెండు దినములలో అన్నియు తిరుగ నెంచినచో కాలునొప్పియు ఆటో ఖర్చును తప్ప మరేమియు మిగులదు. మేము ముందుగనే యొక నియమ మేర్పరచుకొంటిమి: మా యూర లేనిదానికే సొమ్ము వెచ్చింపవలెను. మహేంద్రతనయ సాగరములో గలియుచోట పుట్టి పెరిగినవారికి ఇసుకయు కెరటములును క్రొత్తవి కావు. మహేంద్రగిరిని చూచుచు పెరిగినవారికి కొండయెక్కి సముద్రము చూచుటయు క్రొత్త కాదు. కావున కైలాసగిరిని, ఋషికొండను విడిచిపెట్టితిమి. తెలంగాణమువారికి ఈ నియమము పనికిరాదు. వారు మొదట సముద్రమునే చూతురు గాక!

కట్టుకొనిపోయిన పులిహోరయు పెరుగన్నమును తిని, మొదట కురుసురా జలాంతర్గామికి పోతిమి. దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. సోవియట్ దేశమున నిర్మింపబడి 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరిన యీ నౌక 1971 యుద్ధమున పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విశ్రమించినది. 2002లో దీనిని రామకృష్ణా బీచి ఇసుకపైకి లాగి ప్రదర్శనశాలగా మార్చిరి. పొడవు సుమారు 300 అడుగులు. లోపలి దారి మాత్రము ఇద్దరెదురైనచో ఒకరు ఒత్తిగిలవలసినంత యిరుకు. ఒక గదినుండి మరియొక గదికి గుండ్రని రంధ్రములగుండ వంగి దూరవలెను; చీర కుచ్చెళ్లు ఒకచేత పట్టుకొనక తప్పదు. నౌకాదళమున పనిచేసి విరమించినవారే వెంట నుండి టార్పెడోలు పేల్చు గొట్టములను, యంత్రములను, ఒకదానిపై నొకటిగా నున్న పడకలను చూపి వివరింతురు. పిల్లలు టార్పెడోలను చూచుచుండగా మేము వంటగదికడ నిలిచిపోతిమి. డెబ్బదియైదుగురు నావికులకు వంట ఆ యలమారంత గదిలోనేనట! పదునొకండు మారులు వచ్చిన యామె తల లోపలికి పెట్టి చూచి, “ఓలమ్మ! డెబ్బయ్యైదు మందికి ఈ పొయ్యేనేటి?” అనెను. వండువాడు ఆవిరి పోవుటకు కిటికీ తెరువలేడు. బయట నున్నది సముద్రము. నావికుల సాహసమును గూర్చి మేము పుస్తకములలో చదివియుంటిమిగాని, ఆ వంటగది చూచిన పిమ్మటనే అది మాకు బోధపడినది.

బాట కావలిప్రక్కనే టీయూ–142 యుద్ధవిమానము గలదు. 1988 నుండి 2017 వరకు ఎగిరి, అదే సంవత్సరము డిసెంబరులో ప్రదర్శనశాలయైనది. విమాన మెక్కని మాకు దాని లోపలికి పోవుటయే పండుగ. అదే బాటలో డచ్చివారి పాత భవనమున నున్న విశాఖ మ్యూజియమున, 1942 ఏప్రిల్ 6న జపానువారు ఈ నగరముపై వైచినపుడు పేలక మిగిలిన బాంబొకటి కలదు. నాడు విశాఖ విడిచి పల్లెలకు పరుగెత్తిన కథలు పెద్దలనోట విన్నవారు దానిని తప్పక చూడవలెను.

సాయంకాలము సినిమా. టిక్కెట్టు వెల సహింపదగినదే. లోపల అమ్ము మొక్కజొన్న పేలాల పొట్లము మాత్రము టిక్కెట్టుకన్న ప్రియము. బయటనే ముంతకింద పప్పు కడుపునిండ తిని లోపలికి పోవుటయే దీనికి విరుగుడు. ఆ రాత్రి మాలో నొకరి ఆడపడుచు ఇంట బస. పది కొబ్బరికాయలు, కిలో జీడిపప్పు తీసికొనిపోతిమి. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానులో మా తోటలు కూలిన పిదప కొబ్బరికాయ మాకును లెక్కపెట్టి వాడుకొను వస్తువైనది. అయినను చుట్టమింటికి వట్టిచేతులతో పోరాదు గదా. పట్టణములో బంధువులు లేనివారికి సింహాచలము కొండపై దేవస్థానమువారి సత్రములు కలవు.

ఆదివారము ఉదయము ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల. 1977లో తెరవబడిన ఈ వనము 625 ఎకరములు. ఎండ ముదురక మునుపే లోపల నుండవలెను. నీటిగుర్రము నోరు తెరచుట చూచుటకు పిల్లలు అరగంట కదలలేదు. పులుల విషయమున మాకు కొంత నిరాశయే కలిగినది. అవి మాకు వీపు చూపి నిద్రించుచుండెను. జంతుశాలయు జలాంతర్గామియు సోమవారము మూయబడును గనుక ప్రయాణపు దినములను తదనుగుణముగా ఎంచుకొనవలెను. జంతుశాల శ్రీకాకుళము పోవు రాజమార్గము నానుకొనియే యున్నది. ముందుకు పోయి మధురవాడలో బస్సెక్కినచో గంట కలిసివచ్చునని ఇద్దరు, కూర్చుండ చోటు దొరకదని తక్కినవారు వాదించిరి. వెనుకకు ద్వారకా బస్సు స్టేషనుకే పోయి కూర్చుండియే వచ్చితిమి.

ఖర్చు వ్రాసి యుంచితిమి: బాలుని బస్సు ఛార్జి 310, ప్రవేశ రుసుములు అన్నియు కలిపి 1,290, సినిమా 760, తినుబండారములు, టీలు 350, రాత్రి సినిమానుండి ఇంటికి ఆటో 150, వెరసి 2,860 రూపాయలు. కళాభారతి నాట్యమందిరమున ప్రవేశరుసుము లేని కచేరీలు జరుగుచుండునని ఆడపడుచు చెప్పినది. మిగిలిన 140 రూపాయలు డబ్బాలోనే యున్నవి. పదునొకండు మారుల యామె ఆ మరుసటి వారమే తన 30 రూపాయలును తెచ్చి వేసినది.